దేవుడు పంపితే సరిపోతుందా?

బసవన్న ఈ భూమ్మీద ఎందుకు పుట్టాడు? ఆయన కథను ఇద్దరు మహాకవులు చెప్పారు. ఈ ప్రశ్న దగ్గర మాత్రం ఇద్దరూ చెరో దారి పట్టారు. పాల్కురికి సోమనాథుడి బసవపురాణంలో బసవన్న సాక్షాత్తూ నందీశ్వరుడు. లోకంలో శివభక్తిని నిలబెట్టడానికి శివుడే పంపగా మాదిరాజు, మాదాంబల ఇంట పుట్టాడు. కన్నడ కవి హరిహరుడి బసవరాజదేవర రగళెలో సంగతి వేరు. కైలాసంలో వృషభముఖుడనే గణనాయకుడు ప్రసాదం పంచుతూ కుమారస్వామిని మరిచిపోయాడు. అయినా అందరికీ ఇచ్చానని శివుడితో చెప్పాడు. ఆ చిన్న అబద్ధానికి శిక్షే మానవజన్మ.

ఒక కథలో పుట్టుక బాధ్యత, మరో కథలో ప్రాయశ్చిత్తం. చరిత్రలోని బసవన్న పన్నెండో శతాబ్దపు మనిషి, కలచురి రాజు బిజ్జలుడి కొలువులో పనిచేసినవాడు. కైలాసం నుంచి దిగివచ్చిన బసవన్న కవులూ భక్తులూ కలిసి రూపుకట్టిన పాత్ర. కల్పన కదా అని ఆ పాత్రను పక్కన పెడితే నష్టం మనదే. దేవుడు నన్ను దేనికి పుట్టించాడు అని అడిగే ప్రతి మనిషికీ ఈ నేల వెతికిపెట్టిన జవాబులు అందులో ఉన్నాయి.

నారాయణఖేడ్‌కు ఇవి పొరుగూరి కథలు కావు. ఇవాళ సంగారెడ్డి జిల్లాలో ఉన్న ఈ పట్టణం, 1956లో రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ జరిగేదాకా బీదర్ జిల్లాలో ఒక తాలూకా కేంద్రం. బిజ్జలుడి రాజధాని కల్యాణం ఇప్పుడు అదే బీదర్ జిల్లాలో బసవకల్యాణ్‌గా ఉంది. సరిహద్దు గీత మారినా ఖేడ్ చుట్టుపక్కల ఊళ్లలో బసవన్నను కొలిచే లింగాయతుల ఇళ్లూ, ఆయన పేరూ అలాగే ఉన్నాయి.

హరిహరుడి కథలో అన్నిటికన్నా మనసును పట్టేది కూడలసంగమం ఘట్టం. జంధ్యం వదిలేసి, ఇల్లు విడిచి వచ్చిన యువకుడు అక్కడ సంగమనాథుడి పూజలో స్థిరపడ్డాడు. వెతికింది దొరికింది, ఇక కదలనక్కర లేదనుకున్నాడు. అప్పుడు దేవుడు కలలో కనిపించి, లేచి, అప్పట్లో బిజ్జలుడు ఏలుతున్న మంగళవాడకు వెళ్లమన్నాడు. బసవన్న ఏడ్చాడు. నన్ను వదిలించుకుంటున్నావా అని కుమిలిపోయాడు. గుడి నీడ కోరుకున్న భక్తుణ్ని దేవుడు రాజు ఖజానా లెక్కల్లోకి, మనుషుల తగవుల్లోకి పంపాడు. మనిషికి ఇష్టమైన చోటూ, అతని అవసరం ఉన్న చోటూ ఒకటి కాకపోవచ్చునని ఇంత సూటిగా చెప్పిన కథలు అరుదు.

ఖేడ్ తండాల్లో ఇలాంటిదే మరో కథ ఉంది. బంజారాల ఆరాధ్యుడు సేవాలాల్ మహారాజ్ 1739లో పుట్టాడని నమ్మకం. పిల్లలు లేని భీమానాయక్, ధర్మిణీబాయి దంపతులకు జగదంబ వరమిచ్చింది, తొలి బిడ్డ తన భక్తుడు కావాలన్న షరతుతో. పిల్లవాడు ఎదిగాక అమ్మవారు వచ్చి అడిగింది. సేవాలాల్ ఒప్పుకోలేదు. జంతుబలి కోరే కొలువు తనకు వద్దన్నాడు. కష్టాల మీద కష్టాలు వచ్చాయి, తండాకంతా వచ్చాయి. తన పట్టుదల వల్ల తనవాళ్లు బాధపడుతున్నారని చూశాకే తలవంచాడు.

దేవుడు అడిగితే కాదనడం పాపమని ఈ కథ ఎక్కడా అనదు. కాదన్న సేవాలాల్‌నే జనం గురువుగా కొలుస్తున్నారు. పిలుపు పైనుంచి రావచ్చు. దానికి మనిషి తన మనసుతో ఔనన్నప్పుడే అది జీవిత ధ్యేయమవుతుంది. లింగాయతు కథా, బంజారా కథా ఈ ఒక్క చోట కలుస్తాయి.

శరణులు, అంటే బసవన్న బాటలో నడిచిన శివభక్తులు, ఈ ఆలోచనను ఇంకా ముందుకు తీసుకెళ్లారు. పుట్టుకతో అంటిన కులమూ, వృత్తీ దేవుడి ఆజ్ఞ కాదన్నారు. చెప్పులు కుట్టే హరళయ్య కొడుకుకూ, బ్రాహ్మణుడైన మధువరసు కూతురికీ పెళ్లి చేసి తండ్రులిద్దరూ బిజ్జలుడి శిక్షకు గురయ్యారని సంప్రదాయం చెబుతుంది. ఆయ్దక్కి మారయ్యది మరో తీరు. కల్యాణంలో నేల రాలిన బియ్యపు గింజలు ఏరి తేవడమే అతని కాయకం, అంటే పూజగా చేసే పని. భార్య లక్కమ్మ వాటిని వండి శరణులకు పెట్టేది. ఒకనాడు అతను గోష్ఠిలో కూర్చుని పని మరిచిపోతే ఆమే గుర్తు చేసింది. అవసరానికి మించి బియ్యం తెచ్చిన రోజున, మిగిలింది ఎక్కడిదక్కడ పోసి రమ్మని తిప్పి పంపింది. తాము ఎంచుకున్న పని, పదిమంది కడుపు నింపే పని కనుకనే అది వాళ్లకు పూజ అయింది.

అయితే పనే పూజ అన్న ఈ మాటను జాగ్రత్తగా వాడాలి. దసరా, దీపావళి దాటాక ఖేడ్ తండాల నుంచి ఎన్నో కుటుంబాలు చెరకు నరకడానికి కర్ణాటక, మహారాష్ట్ర ఫ్యాక్టరీల వైపు బయలుదేరతాయి. వానాధారపు చేను ఏడాదంతా తిండి పెట్టదు. ముందే తీసుకున్న అడ్వాన్సు తీరేదాకా తోటల పక్కన గుడిసెల్లోనే బతుకు. వాళ్ల దగ్గరికెళ్లి పనే దైవం, ఇదే మీకు దేవుడిచ్చిన పాత్ర అని చెప్పడం అన్యాయం. అప్పు నెట్టిన చోటికి వెళ్లడం కాయకం కాదు. ఆ మనిషికి కాదనే వీలు, అంటే సేవాలాల్‌కు కథలో దక్కిన వీలు, ముందు ఉండాలి.

ఆ వీలు పిల్లలకైనా దక్కాలంటే వాళ్లు బడిలో ఉండాలి. తల్లిదండ్రులు వలస పోయే నెలల్లో పిల్లలు ఊళ్లోనే ఉండి చదువుకోవడానికి సీజనల్ హాస్టళ్లనే ఏర్పాటు ఉంది. ఫిబ్రవరి 15న సేవాలాల్ జయంతి వస్తుంది. అది సరిగ్గా చెరకు గానుగ నడిచే కాలం, చాలామంది పెద్దలు తండాలో ఉండరు. జయంతి జరిపే పెద్దలూ, బసవ జయంతి జరిపే పెద్దలూ, వలస బండి ఎక్కబోయే పిల్లలను దసరాకు ముందే గుర్తించి ఆ హాస్టళ్లలో చేర్పించే బాధ్యత తీసుకోవాలి.