కప్ప దాచుకున్న నీళ్లు ఎవరివి?

లోకం తెలియనివాళ్లను మనం బావిలో కప్ప అంటాం. ఆస్ట్రేలియా లోపలి ఎడారి నేలల్లో ఉండే ఒక కప్పకు ఆ బావి కూడా లేదు. దాన్ని నీళ్లు దాచుకునే కప్ప అంటారు. 1873లో గుంథర్ అనే శాస్త్రవేత్త దానికి శాస్త్రీయ నామం పెట్టాడు గానీ, అక్కడి ఆదివాసులకు అది అంతకు చాలా ముందే తెలుసు.

వాన పడి గుంటలు నిండినప్పుడు ఈ కప్ప చర్మంతోనే నీళ్లు పీల్చుకుని బంతిలా ఉబ్బుతుంది. గుంట ఎండే సమయానికి వెనక కాళ్లతో మట్టి తోడుకుంటూ నేలలోకి దిగిపోతుంది. అక్కడ దాని పైచర్మం పొరలు పొరలుగా విడిపోయి ఒంటి చుట్టూ సంచిలా ఏర్పడుతుంది. ఊపిరికి ముక్కు రంధ్రాలు మాత్రం తెరిచి ఉంటాయి. సైన్సులో మనం చదివే గ్రీష్మకాల సుప్తావస్థ ఇదే. వాన రాకపోతే ఏళ్ల తరబడి అలాగే ఉండగలదు. పెద్ద వాన పడి తడి లోపలికి దిగితే లేచి, ఆ చర్మపు సంచిని తానే తినేసి పైకొస్తుంది. మళ్లీ గుంట ఎండేలోగా గుడ్లు పెట్టాలి, తోకకప్పలు పెరగాలి. దానికి తీరిక ఉండదు.

కరువులో ఆదివాసులు ఈ కప్పను తవ్వి తీసి, మెల్లగా పిండి ఆ నీళ్లు తాగేవారు. అవి మూత్రాశయంలోని నీళ్లే. ఈ మాట వినగానే మా చెల్లి మొహం చిట్లించింది. నిజంగా గొంతు ఎండినవాళ్లు చిట్లించరు. నీళ్ల కోసమైతే కప్పను చంపక్కర్లేదు. అయినా అది దొంగతనమా కాదా?

మనిషి ప్రాణం పెద్దది కాబట్టి తప్పు కాదని మా క్లాసులో చాలామంది అన్నారు. నాకది సగమే నిజమనిపిస్తుంది. అక్కడి ఆదివాసుల కథల్లో టిడ్డాలిక్ అనే కప్ప లోకంలోని నీళ్లన్నీ తాగేస్తుంది. మిగతా జంతువులు దాన్ని నవ్వించి నీళ్లు కక్కిస్తాయి. అందులో కప్పదే తప్పు, ఎందుకంటే అందరి నీళ్లూ తాగింది. నిజం కప్ప అలా కాదు, తన వంతే తాగింది. దాచుకోవడం వేరు, పక్కవాళ్లకు లేకుండా చేయడం వేరు.

మా వీధికి ట్యాంకర్ వచ్చినప్పుడు అమ్మ రెండు డ్రమ్ములు నింపుతుంది. పక్కింటి అవ్వ లైన్లో నిలబడలేదు. లైన్లో నిలబడింది మనం కదా అంటే, "అవ్వ అడిగితే లేదనాలా?" అని అమ్మ ఒక బిందె ఇచ్చి వచ్చింది. అవ్వ అడగగలదు, అమ్మ ఇవ్వగలదు. కప్పను ఎవరూ అడగరు. అది ఇవ్వనని కూడా అనలేదు. అందుకే దాని తరఫున ఆలోచించాల్సింది తవ్వినవాళ్లే. ఎక్కువ దాహం వాళ్లదే అయినా సరే.

నేనైతే సగమే పిండి, దాన్ని మళ్లీ మట్టిలో పెట్టి కప్పుతాను. "సగం అని ఎలా కొలుస్తావక్కా?" అంది చెల్లి. చేతిలో ఉన్న కప్ప బరువు చేతికి తెలియదా అన్నాను.