తెరమీది పొగ

కలకత్తాకు నైఋతి దిక్కున, హుగ్లీ నది యొడ్డున మెటియాబ్రుజ్ అను పేట కలదు. రాజ్యమును కోల్పోయిన అవధ్ నవాబు వాజిద్ అలీ షా 1856లో కలకత్తాకు వచ్చెను. నడుమ కొంతకాలము కోటలో నిర్బంధింపబడినను, 1887లో మరణించువరకు ఈ పేటయే ఆయనకు నివాసమయ్యెను. ఆయనతో ఠుమ్రీ, కథక్, గాలిపటముల వేడుక, లక్నో వంటకములు ఇచటికి వచ్చినవి. ప్రభువు మెచ్చినదానిని పేట మెచ్చెను. పేట మెచ్చినదానిని నగరము నేర్చెను. అందులకు శాసన మేదియు అక్కరలేకపోయెను.

నేడు ఆ పేట దర్జీలకు ప్రసిద్ధి. దర్జీ యెదుట నమూనా చొక్కా నొకదాని నుంచిన చాలును, కత్తెర దానినే అనుసరించును. పదునాలుగేండ్ల బాలుని మనస్సును అట్టిదే.

శ్రేష్ఠుడు దేని నాచరించునో లోకము దానినే అనుసరించునని గీత మూడవ అధ్యాయము చెప్పుచున్నది. ఇచట శ్రేష్ఠుడన సజ్జనుడే కానక్కరలేదు. లోక మెవనిని శ్రేష్ఠునిగా నెంచునో వాడే. నేటి బాలునకు వాడు తెరపై నున్నాడు. సిగరెట్టు ముట్టించి శత్రువుల వైపు నడచును. బాలుడు కోరునది ఆ ధైర్యమునే; చేతికి చిక్కునది సిగరెట్టు. ధైర్యమునకు సాధన కావలెను, సిగరెట్టునకు అగ్గిపుల్ల చాలును.

చలనచిత్రములలోని ధూమపాన దృశ్యములు యువకుల నా యలవాటునకు దింపుచున్నవని అమెరికా సర్జన్ జనరల్ 2012 నివేదిక నిర్ణయించినది. మన దేశమున 2012 అక్టోబరు 2 నుండి అట్టి దృశ్యము నడచినంతసేపు తెర యడుగున హెచ్చరిక చూపవలెను. 2023 సెప్టెంబరు 1 నుండి ఇంటర్నెట్టు ద్వారా ఇండ్లకు వచ్చు చిత్రములకును ఈ నిబంధన వర్తించుచున్నది. మంచిదే. కాని అక్షరములు అడుగున నుండును, కన్నులు నాయకుని ముఖముపై నుండును.

అట్లని పొగ కనబడిన ప్రతి చిత్రమును నిందించుట న్యాయము కాదు. ఆ నవాబు రాజ్యము పోయిన కథను సత్యజిత్ రాయ్ 1977లో 'శత్రంజ్ కే ఖిలాడీ'గా తీసెను. అందు హుక్కా కలదు. కాని అది రాజ్యము మునుగుచున్నను చదరంగము విడువని సోమరుల చెంత నున్నది. మన గిరీశము శిష్యునకు నేర్పిన విద్య చుట్ట కాల్చుటయే. గురజాడ దానిని నవ్వులపాలు చేసెను. నవ్వినచోట మోహము నిలువదు. విషయమును తలంచి తలంచి సంగము పుట్టునని గీత రెండవ అధ్యాయము చెప్పినది మెచ్చుచు తలంచిన తలంపును గూర్చియే.

చిత్రము చూచి వచ్చిన కుమారుని తండ్రి చెంత కూర్చుండబెట్టుకొని, "నాయనా, ఆ నాయకునిలో నీకు నచ్చిన దేమి?" అని అడుగవచ్చును. సిగరెట్టని ఏ బాలుడును చెప్పడు. వెదకి వెదకి వేరొక గుణమును చెప్పును. ఆ గుణమును గూర్చి ఒక గంట మాటలాడవచ్చును. కాని అడుగుచున్న తండ్రి వ్రేళ్ల నడుమ బీడీ యున్నచో, కుమారుడు బదులు చెప్పక ఆ వ్రేళ్లనే చూచుచుండును.