నిర్జనము

వేసవి వచ్చినతోడనే మైదానములయందుండువారి చూపులు కొండలవైపు తిరుగుట సహజము. పూర్వము కలిగినవారు ఉదకమండలమునకో, మదనపల్లె చేరువనున్న హార్స్‌లీ కొండకో పోయి, బంగళాలయందు విడిసియుండి, వానలు పడినపిమ్మట దిగివచ్చుచుండిరి. ఇప్పటి యువజనుల కోరిక వేరు. బంగళాలు వారికి రుచింపవు. అచటను జనసమ్మర్దమే గదా యందురు. వీపున సంచియు, సంచిలో చిన్న గుడారమును, మూడు దినములకు చాలు తిండియు వేసికొని, రోడ్డు ముగిసినచోటినుండి కాలినడకను పోయి, మనుష్యసంచారము లేని కొండకొమ్మున రాత్రులు గడపవలెనని వారి యభిలాష. అట్టి చోటులెచ్చట నున్నవని యొకరినొకరు విచారించుకొనుచున్నారు. ఎట్లు పోవలెను, ఏమి కొనిపోవలెను అను ప్రశ్నలకు సమాధానములు సులభముగనే దొరకును. అంతకుముందు అడుగవలసిన ప్రశ్న యొకటి కలదు. దాని నడుగువారు తక్కువ. మనము నిర్జనమని పిలుచు స్థలము నిజముగ నిర్జనమేనా? కానిచో దానిని కోరుటకు మనకుగల యధికారమెట్టిది?

మొదట ఈ కోరికకు చేయవలసిన న్యాయము చేయుదము. ఏకాంతము నాశించుట నేరముగాదు, సోమరితనమును గాదు. భగవద్గీత పదుమూడవ యధ్యాయమున జ్ఞానలక్షణములను చెప్పుచు వివిక్తదేశమును సేవించుటనుగూడ వానిలో చేర్చినది. పాశ్చాత్యులలో పెట్రార్కు అను ఇటలీదేశపు కవి 1336వ సంవత్సరమున వెంటూ పర్వతమునెక్కి, శిఖరమున అగస్తీనుని గ్రంథమును తెరచి, బయటి కొండలను చూచి మురిసిపోవు తాను లోపలి యాత్మను చూడనైతినని చింతించినట్లు తానే వ్రాసికొనెను. దినమెల్ల పదిమంది మాటలు చెవినిబడుచు, పదిమంది కంట బడుచు బ్రతుకువానికి, తన మనస్సు తానెరుగుటకు కొంత నిశ్శబ్దము కావలెను. అది లేనివాని తలపులలో సగము ఇతరుల తలపులే. కావున మనుష్యునకు ఏకాంతము కావలెనా యను విషయమున నాకు సందేహము లేదు. దానినెచ్చట, ఎవరి వ్యయమున సంపాదించుచున్నామనునదియే సందేహము.

నిర్జనమను మాటను కొంచెము పరీక్షింపుడు. జనులు లేని చోటని దాని యర్థము. కాని వాడుకలో మనమాయర్థమున వాడుటలేదు. మనవంటి జనులు లేని చోటనియే మన భావము. ఆ కొండయందు పుట్టి పెరిగినవారు మన లెక్కకు జనులుగాక, ఆ చెట్లతోను రాళ్లతోను కలిసిన దృశ్యమైపోవుచున్నారు. ఈ పొరపాటు మనము కొత్తగా చేయుచున్నది గాదు. అమెరికాదేశమున నేడు ప్రకృతిసౌందర్యమునకు మారుపేరైన యోసెమిటీ లోయ, 1851లో మారిపోసా పటాలము ప్రవేశించునప్పటికి అహ్వానీచీ యనువారి యూళ్లతో నిండియుండెను. ఇండ్లు తగులబెట్టి, వారిని తరిమినపిమ్మటనే దానిని మనుష్యస్పర్శయెరుగని చోటని లోకము పొగడినది. ఆ దేశమువారే 1964లో చేసిన యరణ్యశాసనమున, మనుష్యుడు అతిథిగా వచ్చిపోవునేకాని నిలిచియుండడనుటను వనమునకు లక్షణముగా చెప్పిరి. నిలిచియుండినవారు ముందే తొలగింపబడిరి గనుక ఆ లక్షణము సులభముగ సరిపోయినది. మన నీలగిరులయందును 1819లో కోయంబత్తూరు కలెక్టరు సలివను అడుగుపెట్టునప్పటికి తోడవారు తమ గేదెలను మేపుకొనుచునేయుండిరి.

ఈ విషయమున థోరో మహాశయుని నేను మిక్కిలి గౌరవింతును. ఆయన 1845లో వాల్డెను కొలనియొడ్డున కుటీరము కట్టుకొని రెండేండ్లకు పైగా నివసించి, ఏకాంతమునకు ఆచార్యుడని పేరుపొందెను. అయినను, తన గ్రంథమున ఆ యడవియందు తనకు పూర్వము కాపురముండినవారినిగూర్చి ప్రత్యేకముగ నొక యధ్యాయమే వ్రాసినాడు. వారిలో పలువురు దాస్యమునుండి విడివడిన నీగ్రోజాతివారు. ఊరిలో చోటు దొరకక యడవియంచున గుడిసెలు వేసికొనినవారు. శిథిలమైన నేలమాళిగల గుంటలను చూచి, వారిని పేరుపేరున తలచెను. తన కేకాంతమైన చోటు ఒకరికి ఇల్లైయుండెనని మరువకుండుట ఏకాంతమునకు భంగము కలిగింపలేదు. సరిగదా, దానికి లోతునిచ్చినది.

ఇక మన తూర్పుకనుమలకు వత్తము. అరకులోయ, లంబసింగి పేరులు పాతబడినవి. పాడేరు చేరువనున్న వంజంగి కొండపై తెల్లవారుజామున మేఘములు సముద్రమువలె పరచుకొనునను వార్త పొక్కినతోడనే జనము తండోపతండములుగా పోసాగిరి. అచటను సమ్మర్ద మెక్కువైనదని యిప్పుడు అంతకు లోపలి కొండలను వెదకుచున్నారు. ఆ లోపలి కొండలలో నెవరుందురు? బగతలు, కొండదొరలు, కోదులు, పోర్జలు, గదబలు, ఇంకను పలు తెగలవారు. మనకు సెలవులైన చైత్రవైశాఖములు వారికి తీరికకాలము గాదు. చింతపండు రాల్చుట, అడ్డాకులు కోయుట, పోడుచెక్కలను తొలకరికి సిద్ధముచేయుట ఆ దినముల పని. చైత్రమున ఇటుకల పండుగ వచ్చును. మగవారు వేటకు పోవుదురు. ఆడువారు త్రోవకడ్డముగ కర్రకట్టి, పాటలు పాడి, వచ్చిపోవువారిని నాలుగురూకలడుగుదురు. దీనిని దారిదోపిడి యని విసుగుకొను యాత్రికులున్నారు. వారి వాకిటినుండి పోవుచు వారి పండుగను ఆటంకమనుట యెట్టి న్యాయము?

నీటిమాట చెప్పెదను. గుడారము వేయదలచినవాడు చూచుకొను గుణములు మూడు: నేల చదునుగ నుండవలెను, నీడయుండవలెను, నీరు దగ్గరనుండవలెను. వేసవిలో ఈ మూడును కూడిన తావులు కొండపై మిక్కిలి తక్కువ. గెడ్డలు సన్నగిలి, ఊటనీటికై చెలమలు తీయవలసిన కాలమది. కావున మన కంటికి ప్రశస్తముగ తోచిన తావు, దిగువనున్న పల్లెవారి కడవలు నిండు ఊటకు ఎగువదైయుండుట తరచు సంభవించును. అక్కడ మనము స్నానముచేసి, సబ్బునురుగు వదలి, గిన్నెలు తోమి, మిగిలినదానిని పారవేసి దిగివత్తుము. మనకు మనుష్యులెవరును కనబడలేదు గనుక మనమెవరికిని కీడు చేయలేదని తలంతుము. కీడుపొందినవారు అరమైలు క్రింద నున్నారు.

దీనికంటె గొప్ప చిక్కొకటి కలదు. మనమా స్థలమును కోరుట దానికి త్రోవ లేకుండుటచేతనే గదా? కారు పోదు, దుకాణము లేదు, దీపముల వెలుగు కనబడదు. అందుచేతనే నక్షత్రములు చక్కగ కనబడుచున్నవి. ఆ త్రోవలేమిచేతనే అచటి పల్లెలయందు ప్రసవవేదనపడు స్త్రీని కర్రకు దుప్పటి కట్టిన డోలీలో పెట్టుకొని, నలుగురు భుజములు మార్చుకొనుచు, గెడ్డలు దాటి, రోడ్డుదాక మోయవలసివచ్చుచున్నది. అందరును ప్రాణములతో చేరుటలేదు. మనకు మనోహరమైన మారుమూలతనమును, వారికి ప్రాణాంతకమైన మారుమూలతనమును వేర్వేరు గావు. ఆ యూరికి రోడ్డు వచ్చుననగానే, అయ్యో, మంచి చోటు పాడగునే యని నిట్టూర్చువాడు తానేమి కోరుచున్నాడో యొకసారి ఆలోచించుకొనవలెను. ఒకరి కష్టము మన వినోదమునకు ఉపకరణమైనచో, ఆ కష్టము తొలగుటను మనము వ్యసనముగ నెంచుదుము. మనస్సునకు అంతకంటె కీడేమున్నది?

ఇందుకు మూడాక్షేపణలు వినవచ్చును. మన ఋషులు కొండలకు పోలేదా యని మొదటిది. పోయిరి, కాని వారు కోరికలను తగ్గించుకొనుటకు పోయిరి. మనము మన కోరికలన్నిటిని సంచిలో కట్టుకొని, ఏకాంతమును వానికి చేర్చుటకు పోవుచున్నాము. యాత్రికులవలన కొండవారికి నాలుగుడబ్బులు వచ్చుననునది రెండవది. వచ్చుట నిజమే. అయితే బసలు కట్టి లాభము తీయువాడు మైదానమునుండి వచ్చినవాడై, కట్టెలు మోయువాడు కొండవాడైనచో ఆ లాభమును లెక్కలో జాగ్రత్తగ వ్రాసికొనవలెను. ఈ లెక్క పాతది. మన్యమున రోడ్డుపనికై తగిన కూలియియ్యక చేయించిన చాకిరియు, అడవిశాసనముల నిర్బంధమును, 1922లో అల్లూరి సీతారామరాజు నడపిన తిరుగుబాటునకు కారణములయ్యెను. నర్సీపట్నమునుండి చింతపల్లికి నేడు హాయిగ పోవువారు ఆ కథ నెరిగియుండుట మంచిది. 1997లో సుప్రీంకోర్టు సమత వ్యాజ్యమున, షెడ్యూలుప్రాంతములందలి భూమిని గనులకై గిరిజనేతరులకు కౌలికిచ్చుట చెల్లదని తీర్పు చెప్పినది. 2006 నాటి చట్టము అడవిపై వారి హక్కులను అంగీకరించినది. నిర్జనమని మనమనుకొను భూమికి స్వామ్యము కలదనుట ఇప్పుడు నీతివాక్యముమాత్రమే గాదు, ధర్మాసనపు వాక్యముగూడ.

మూడవ యాక్షేపణ సూక్ష్మమైనది. అందరును ఆచరించినచో నిలువగలిగిన సూత్రమునే నీవాచరింపుమని కాంటు 1785లో బోధించెను గదా. అందరును ఏకాంతస్థలమునకు పోయినచో ఏకాంతమే నశించును. కావున ఈ కోరికయే యధర్మమా? కాదని నా యభిప్రాయము. అందరును వైద్యులే యైనచో లోకము నడువదు. అంతమాత్రమున వైద్యము పాపము గాదు. అందరు నొకేచోటికి పోవుట నిలువదుగాని, మితముగ, వంతులవారిగ, ఇంటివారి యనుమతితో పోవుదునను సూత్రము నిలుచును. ఈ దృష్టితో చూచినచో, తెలిసిన తావును చాటవలెనా దాచవలెనా యను తగవుగూడ తీరును. నేను కనుగొంటినని చాటువాడు తనది కానిదానిని పంచిపెట్టుచున్నాడు; నాకే యుండవలెనని దాచువాడు తనది కానిదానిని మూటకట్టుకొనుచున్నాడు. రమ్మనుటకును వలదనుటకును అధికారము ఆ యూరివారిది.

కావున పోదలచినవారికి నేను చెప్పునది స్వల్పము. పటమునందు తెల్లగ నున్న చోటును వెదకుటకు ముందు, దానికి దగ్గరి పల్లె పేరు తెలిసికొనుడు. ఆ పల్లెకు పోయి పెద్దనడుగుడు. ఏ గెడ్డ త్రాగునీటిదో, ఏ తోపు దేవతదో ఆయన చెప్పును. వలదన్నచో తిరిగిరండు. దారిచూపువానికి అతడడిగిన కూలి బేరమాడక యిండు. ఎండుటాకులు రాలియున్న కాలమున నిప్పు రాజేయకుడు. కొనిపోయిన ప్రతి కాగితమును దించుకొనిరండు. వచ్చినపిమ్మట ఆ యూరికి రోడ్డు కావలెనని, నర్సు కావలెనని యెవరైన నర్జీ పెట్టినచో దానిపై మీరును చేవ్రాలు చేయుడు, మీ నక్షత్రములు కొంచెము మసకబారినను సరియే.

ఇంతయు చేసినపిమ్మట ఏకాంతము మిగులునా యని యడుగుదురేమో. మిగులునని నేను నమ్ముచున్నాను. ఏకాంతమనగా చుట్టును ఎవరును లేకుండుట గాదు. ఎవరికిని బాకీపడకుండ కూర్చుండగలుగుట. పల్లెపెద్ద సెలవు పొంది, నీటికి దిగువగ గుడారము వేసికొన్నవానికి, దూరమున కుక్క మొరిగినను, ఎవరో ఆవును పిలిచినను, ధ్యానము చెదరనక్కరలేదు. ఎవరును లేరని తన్ను తాను నమ్మించుకొని కూర్చుండినవానికే ప్రతి యలికిడియు బెదురు.