నాలుగో కొన

కార్తికమాసం మొదలైన కొద్ది రోజులకే మా అమ్మాయి పొరుగింటాయన కొండల్లోకి వెళ్లాడు. డెన్వర్ శివార్లలో ఆ రెండిళ్లకూ మధ్య ఒక చెక్క కంచె మాత్రమే. ఆయనకు డెబ్బై దాటాయి. ఏటా అక్టోబరు చివర కొలరాడో నైరుతి మూలనున్న సాన్ హువాన్ పర్వతాలకు ఎల్క్ వేటకు వెళతాడు. తొమ్మిది రోజుల సీజన్. ఈసారి ఖాళీ చేతులతో తిరిగొచ్చాడు.

మాంసం ముట్టని ఇంట్లో పుట్టినదాన్ని. వేటగాడి కథ ఈ శీర్షికలో రాస్తానని ఎన్నడూ అనుకోలేదు. కానీ తిరిగొచ్చిన ఆదివారం రాత్రి కంచె దగ్గర నిలబడి ఆయన చెప్పింది విన్నాక, మన ఇతిహాసాల్లోని మూడు బాణాలు నన్ను నిద్రపోనివ్వలేదు.

ఎల్క్ అంటే మన నల్లమల కణుజుకు దాయాది. మగది భుజం దగ్గరే మనిషి గుండె ఎత్తు, బరువు మూడొందల కిలోలకు అటూ ఇటూ. అమెరికా మూలవాసుల్లో షానీలు దాన్ని వాపిటి అన్నారు. తెల్లని పిరుదులది అని అర్థం. అంత పెద్ద కొమ్ముల్నీ ఏటా చలికాలం చివర రాల్చేసుకుని, మళ్లీ కొత్తగా మొలిపించుకుంటుంది. పందొమ్మిదో శతాబ్దంలో తుపాకులు వీటిని దాదాపు తుడిచిపెట్టేశాయి. 1910ల్లో ఎల్లోస్టోన్ ప్రాంతం నుంచి రైళ్లలో తెచ్చి కొలరాడోలో వదిలారు. ఇప్పుడు ఆ రాష్ట్రంలో రెండున్నర లక్షలకు పైనే ఉన్నాయి. ఇందులో వేటగాళ్ల లైసెన్సు రుసుముల పాత్ర, తుపాకుల మీదా తూటాల మీదా కేంద్రం వేసే, 1937లో వన్యప్రాణుల కోసం కేటాయించిన పన్ను పాత్ర చాలా ఉంది. అయినా వేటకు వెళ్లిన ప్రతి అయిదుగురిలో సుమారు నలుగురు వట్టి చేతులతోనే దిగివస్తారు. వాళ్లు కట్టిన రుసుమూ అడవికే చేరుతుంది.

ఆయన బయల్దేరే ముందటి వారం నేను గమనించింది వేరే. వేటకు వేసుకునే బట్టల్ని వాసనలేని సబ్బుతో ఉతికి, పెరట్లో విడిగా ఆరేసి, మూత గట్టిగా పడే పెట్టెలో దాచాడు. వంటింటి వాసన తగలకూడదు, పెట్రోలు వాసన తగలకూడదు. మనవడు తాకబోతే వద్దన్నాడు. మా అమ్మమ్మ దండెం మీద మడిబట్టను కర్రతో తీసుకోవడం గుర్తొచ్చింది. ఎవరి ముందుకు వెళుతున్నామో వారి కోసం మనల్ని మనం కడుక్కోవడం రెండు చోట్లా ఉంది.

ఎల్క్‌కు కంటికన్నా ముక్కు గొప్పది. అందుకే ఆ కొండల్లో నడిచేవాడికి గాలే గురువు. రాత్రి చల్లబడిన గాలి తెల్లవారుజామున లోయలోకి దిగుతుంది. ఎండ వాలుకు తగిలాక పైకి ఎక్కుతుంది. పొద్దు వాలగానే మళ్లీ దిగుతుంది. ఆయన జేబులో చిన్న బుడ్డి ఉంటుంది, అందులో మెత్తని పొడి. పది అడుగులకోసారి చిటికెడు వదిలి అది ఎటు తేలుతుందో చూస్తాడు. గాలి వీపు వెనక నుంచి వీచిందా, ఇక ముందుకు వెళ్లి లాభం లేదు. మూడు గంటలు ఎక్కిన కొండను దిగి, ఇంకోవైపు నుంచి ఎక్కాలి. అక్కడి ఎత్తు పదకొండు వేల అడుగులు, అంటే తిరుమల కొండకు మూడింతలకు పైన. మోటారు బండిని రానివ్వని వెమినూచ్ అడవిలో, మోకాటి లోతు మంచులో, వీపున గుడారం మోస్తూ ఆ వయసులో అలా ఆరుసార్లు దిగి ఎక్కాడట. “గాలి మీద కోపం రాలేదా?” అని అడిగాను. ఆ ప్రశ్న అర్థం కానట్టు చూశాడు.

మొదటి ఏడు రోజులూ అడుగుజాడలు, ఇంకా వెచ్చగా ఉన్న పేడ, కొమ్ములు రాసిన చెట్ల బెరడు. అంతే. జంతువు లేదు.

ఎనిమిదో నాటి సాయంత్రం కనిపించింది. ఉత్తరపు వాలులో దట్టమైన స్ప్రూస్ చెట్ల మధ్య నుంచి ఒక మగ ఎల్క్ గడ్డిమైదానం అంచుకు వచ్చి నిలబడింది. మూడొందల గజాలు. గాలి ముఖానికి వీస్తోంది. సూర్యుడు అస్తమించాక అరగంట వరకు చట్టం ఒప్పుకుంటుంది, ఇంకా నాలుగు నిమిషాలుంది. తుపాకీని మూట మీద ఆనించి బైనాక్యులర్ ఎత్తాడు. అక్కడ మగదాన్ని కొట్టాలంటే ఒక కొమ్ముకైనా నాలుగు కొనలుండాలి, లేదా కంటి మీది కొన అయిదు అంగుళాలుండాలి. వయసురాని వాటిని బతకనివ్వడానికి ఆ నియమం. ఒకటి, రెండు, మూడు కొనలు లెక్క తేలాయి. నాలుగోది కొమ్ముదో, వెనకనున్న ఎండుకొమ్మదో తేలలేదు. వెలుగు తగ్గుతోంది. చుట్టూ మైళ్ల దూరంలో మనిషి లేడు, అడిగేవాడు లేడు.

నాలుగు నిమిషాలూ చూశాడు. ఆ తర్వాత తూటా బయటికి తీసేశాడు. ఎల్క్ తీరిగ్గా మేసి చెట్లలోకి వెళ్లిపోయిందట.

ఆదివారం రాత్రి ఇదంతా విన్నాక నాకు గుర్తొచ్చిన మొదటి బాణం దశరథుడిది. సరయూ తీరం, చీకటి, కుండ నిండుతున్న చప్పుడు. ఏనుగనుకుని శబ్దభేది వేశాడు. ఏమిటో చూడకుండా, విన్నదాన్నే నమ్మి. రామాయణంలోని కన్నీరంతా అక్కడ మొదలైంది. రెండోది పాండురాజుది. లేడి రూపంలో భార్యతో కలిసి ఉన్న కిందమ మహర్షిని కొట్టాడు. చనిపోతూ ఆ ముని అన్నది నేను చాలా ఏళ్లు పట్టించుకోలేదు. వేటాడినందుకు ఆయన రాజును తప్పుపట్టలేదు. ఆ క్షణం దాటేవరకు ఆగలేకపోయావే అన్నాడు. మూడోది తమసా తీరాన క్రౌంచపక్షికి తగిలింది. అదీ జంటగా ఉన్నప్పుడే. ఆ బాధలోంచే వాల్మీకికి శ్లోకం పుట్టింది.

మన రెండు మహాకావ్యాల దుఃఖం ఆగని బాణాలతో మొదలైంది. ఆగిన బాణానికి కావ్యం లేదు. దశరథుడు ఆ రాత్రి విల్లు దించి ఉంటే, ఎవరూ చెప్పుకోని రాత్రి అయ్యేది.

ఇది నిష్కామకర్మ కదా అన్నాడు మా అల్లుడు. కాదనిపించింది నాకు. ఆయనకు కోరిక లేకపోవడం ఏమిటి! గ్యారేజీలో పెద్ద ఫ్రీజర్ ఖాళీ చేసి పెట్టుకుని వెళ్లాడు. చర్చిలో రెండు కుటుంబాలకు మాంసం ఇస్తానని మాటిచ్చాడు. చచ్చిన జంతువుకు కట్టాల్సిన ట్యాగు వాడకుండా తిరిగొస్తే “ట్యాగ్ సూప్ తాగడం” అంటారట అక్కడి వేటగాళ్లు. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన గొంతులో నిరాశ దాచుకోలేదు. నిండా కోరుకున్నాడు. కోరిక మూడొందల గజాల్లో నిలబడి ఉన్నప్పుడు ఆగాడు. ఏమీ వద్దనుకున్నవాడు ఆగడంలో కష్టమేముంది? దమం అని మన శాస్త్రాలు అన్నది ఆకలి లేనివాడి ఉపవాసాన్ని కాదని నేను నమ్ముతాను. చంపడం గురించి నా మనసు మారలేదు. కానీ అరవై ఏళ్లుగా ఉపవాసాలుంటున్న నేను, ఆ నాలుగు నిమిషాల ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాను.

మర్నాడు కార్తిక సోమవారం. నక్షత్రం కనబడ్డాకే భోజనమని మా అమ్మాయి ఆయనకు చెప్పినట్టుంది. చీకటి పడుతుండగా అరుగు మీద దీపం పెట్టి కూర్చున్నాను. పడమటి కొండల మీద మంచు మబ్బు దట్టంగా ఉంది. ఆయన కంచె దాటి వచ్చి, మెడలోని బైనాక్యులర్‌తో మబ్బు సందుల్ని వెతకడం మొదలుపెట్టాడు. చాలాసేపటికి తూర్పు వైపు వేలు చూపించి, “అదిగో ఉంది” అన్నాడు.

బైనాక్యులర్ నాకిచ్చాడు. కళ్లు చికిలించి చూశాను. ఏదో మెరిసినట్టే ఉంది, నక్షత్రమో కాదో తేలలేదు.

తిరిగి ఆయన చేతికిచ్చాను. ఆయన ఏమీ అనకుండా పక్కనే మెట్టు మీద కూర్చున్నాడు. మబ్బు ఇంకా కదులుతూనే ఉంది.