నవగ్రహాల్లో భూమి ఏది?

మదురై మీనాక్షమ్మ గుడికి మా బడి పిల్లల్ని తీసుకెళ్లినప్పుడు, నవగ్రహాల చుట్టూ తిరుగుతున్న నాలుగో తరగతి పిల్లాడొకడు ఆగిపోయి వేళ్లు మడిచి లెక్కపెట్టుకున్నాడు. "టీచర్, ఇందులో భూమి లేదే?" అన్నాడు. అంతకుముందు వారమే సౌరకుటుంబం పాఠం చెప్పాను. మా కోయంబత్తూరు చుట్టుపక్కల నాయుళ్ల ఇళ్లలోనూ అరుంధతియర్ల ఇళ్లలోనూ మాట్లాడేది తెలుగు, బడిలో చదివేది తమిళం. తరగతిలో సందేహం వస్తే తమిళంలో అడుగుతారు. ఇది గుడిలో వచ్చింది కాబట్టి కాబోలు, వాడు తెలుగులోనే అడిగాడు.

మాతో వచ్చిన ఒక పిల్ల తాతగారు వెంటనే అందుకున్నారు. "మధ్యలో సూర్యుడు, చుట్టూ గ్రహాలు. చూశావా నాయనా? తెల్లవాళ్లకంటే ముందే మనవాళ్లకి అన్నీ తెలుసు."

ఆయన భక్తి మీద నాకు గౌరవముంది. కానీ ఆ మాట నిజం కాదు. నవగ్రహాల్లో సూర్యుడూ ఒక గ్రహమే, చంద్రుడూ ఒక గ్రహమే. భూమి ఆ లెక్కలోకి రాదు, ఆకాశాన్ని చూసే మనిషి నిలబడ్డ చోటే అది కదా. 1781లో కనుక్కున్న యురేనస్, 1846లో కనుక్కున్న నెప్ట్యూన్ అందులో ఉండే వీలే లేదు. భూమి తన చుట్టూ తాను తిరుగుతుందనీ గ్రహణాలు నీడల వల్లే వస్తాయనీ 499 ప్రాంతంలో రాసిన ఆర్యభటుడు కూడా గ్రహాల్ని భూమి చుట్టూ తిప్పే లెక్క కట్టాడు. ఆయన గొప్పతనం ఉన్నదున్నట్టు చెప్పినా ఎంతో పెద్దది. దానికి లేనిది అతికించడం ఎందుకు?

పిల్లాడికి ఇంతే చెప్పాను: "పుస్తకంలోది సూర్యుణ్ణి మధ్యలో పెట్టుకుని వేసిన లెక్క. ఇది నేల మీద నిలబడి పైకి చూసి వేసిన లెక్క. భూమి నీ కాళ్ల కిందే ఉంది." వాడు కిందికి చూసుకుని మిగిలిన చుట్లు పూర్తిచేశాడు.

దేవుణ్ణి నమ్మే ఇళ్ల పిల్లలకు ఆకాశం ఎలా నేర్పాలన్న ప్రశ్న ఉద్యోగంలో చేరినప్పట్నుంచీ నాతోనే ఉంది. అవన్నీ మూఢనమ్మకాలని కొట్టిపారేస్తే పిల్ల తన ఇంటికే పరాయిదవుతుంది. తాతగారి దారి అంతకంటే చెడ్డదని నా అభిప్రాయం. దేవుడి తరఫున శాస్త్రం చేత సాక్ష్యం చెప్పిస్తే, పై తరగతుల్లో ఆ సాక్ష్యం తప్పని తేలిన రోజున పిల్ల దేన్నీ నమ్మదు. తిరుమల నాయకుడు మదురైని ఏలుతున్న రోజుల్లోనే, 1633లో, భూమి తిరుగుతోందన్నందుకు రోమ్‌లో గెలీలియోని విచారించి ఇంట్లో నిర్బంధించారు. ఆకాశపు లెక్క మతం చేతిలోనే ఉండాలని పట్టుబట్టినవాళ్లు చేసిన పని అది.

రాహుకేతువుల పాఠానికి నేను చేతిగాజులు తీస్తాను. ఒకే కొలత గాజులు రెండు ఒకదాంట్లో ఒకటి దూర్చి, ఒకదాన్ని కొంచెం వాల్చి పట్టుకుంటే, రెండూ రెండు చోట్ల ఒకదాన్నొకటి దాటుకుంటాయి. ఒక గాజు ఆకాశంలో సూర్యుడి దారి, రెండోది చంద్రుడి దారి. మధ్య వాలు సుమారు 5 డిగ్రీలు. ఆ దాటే చోట్లే రాహువూ కేతువూ. అమావాస్యనాడు సూర్యచంద్రులు ఆ చోటి దరిదాపుల్లో ఉంటేనే సూర్యగ్రహణం. వాలు లేకపోతే ప్రతి అమావాస్యకీ గ్రహణమే. "మరి పాము?" అంటారు పిల్లలు. పాము కథలో ఉంది, చోటు లెక్కలో ఉంది అంటాను. కథ మీద వాళ్లకి ఇష్టం ఏమీ తగ్గదు.

2019 డిసెంబరు 26న కంకణ సూర్యగ్రహణం మా కోయంబత్తూరు మీదుగానే పోయింది. బడికి సెలవులు. వీధిలో తలుపులు మూశారు, పొయ్యి వెలిగించలేదు, తినే వస్తువుల మీద గరిక వేశారు. గ్రహణం కళ్లద్దాల కోసం నా దగ్గరికి వచ్చిన పిల్లలకి ముందు వేపచెట్టు కింద నేల చూపించాను. తొమ్మిదిన్నర వేళ, ఆకుల సందుల్లోంచి పడే ఎండ చుక్కలన్నీ ఉంగరాలైపోయాయి. ఒకదాని మీద ఒకటి, నేలంతా. పిల్లలు వాటిని అరచేతుల్లో పట్టుకున్నారు. ఎదురింటి అవ్వ తలుపు ఓరగా తీసి, "విడిచాక అందర్నీ తలస్నానం చెయ్యమని చెప్పమ్మా" అంది. చెప్పాను. నీళ్లు పోసుకుంటే ఏ లెక్కా చెడదు.

రాకెట్ ఎగిరే ముందు ఇస్రోవాళ్లు దాని నమూనాని తిరుమలకి తీసుకెళ్లడం కూడా నాకు తప్పనిపించదు. కక్ష్యని మాత్రం జాతకం చూసి కట్టరు. చంద్రయాన్-1 ప్రాజెక్ట్ డైరెక్టర్ మయిల్‌సామి అణ్ణాదురై మా జిల్లా కోదవాడి బిడ్డే, తమిళంలో చదువుకున్నవారే. ఆ సంగతి చెబితే పిల్లలు సర్దుకుని కూర్చుంటారు.

అన్నిటికంటే కష్టమైన ప్రశ్న అయిదో తరగతి పిల్ల అడిగింది. "మా చిన్నాయన పెళ్లిలో పొద్దున తొమ్మిదింటికి అరుంధతిని చూపించారు టీచర్. ఎండే ఉంది. అది నిజంగా అక్కడుందా?" తమిళ వైకాసి నెల, అంటే మే-జూన్‌లో జరిగిన పెళ్లి. సప్తర్షుల్లో వశిష్ఠుడి పక్కనున్న ఆ చుక్క సుమారు 80 కాంతి సంవత్సరాల దూరాన ఉంది. తై నెలలో, అంటే జనవరి-ఫిబ్రవరిలో, తెల్లవారుజామున అయిదింటి ముహూర్తమైతే ఉత్తరాన చక్కగా కనిపిస్తుంది. వైకాసిలో పొద్దున తొమ్మిదింటికి అది ఎండ వెనక కూడా ఉండదు, నేల అంచుకి దిగువన, భూమి చాటున ఉంటుంది. అయ్యరు వేలు చూపిన చోట అరుంధతి లేదు.

లేదనే చెప్పాను. "అయితే చిన్నాయన చూశానని అబద్ధం ఆడాడా?" అంది. అలా అనకూడదమ్మా, చుక్కని సాక్షిగా పెట్టుకుని ఒకరికొకరు మాటిచ్చుకున్నారు, చుక్క కనబడకపోయినా ఆ మాట మాటే అన్నాను. ఆ పిల్ల పూర్తిగా ఒప్పుకోలేదు. "కనిపించే టైములోనే చూపించొచ్చు కదా" అంది. అది న్యాయమైన మాట. వైకాసిలో రాత్రి ఎనిమిది దాటితే అరుంధతి ఉత్తరాన బాగా పైనే ఉంటుంది. చిన్నాయననీ పిన్నినీ మిద్దె మీదికి పిలిచి నువ్వే చూపించు, రెండు చుక్కలూ విడివిడిగా ఎవరికి కనిపించాయో రాసుకురా అని ఇంటిపని ఇచ్చాను.