పెరట్లో గంజాయి మొక్క – పాపం ఎవరిది?

మంచి కుటుంబంలో దారి తప్పిన బిడ్డ ఉంటే ‘తులసివనంలో గంజాయి మొక్క’ అంటారు మన పెద్దలు. ఈ మధ్య మన డెల్టాలోని ఒక ఊళ్ళో ఆ సామెత అక్షరాలా నిజమై ఒక తల్లి ముందు నిలిచింది. ఆమె అనుమతితోనే ఈ సంగతి రాస్తున్నాను. పాపసంకీర్తనంలో విన్నది కాదని కూడా ముందే మనవి చేస్తున్నాను.

ఆమె పెరట్లో గోంగూర మడి ఉంది. మడి పక్కన ఒక మొక్క లేచింది. ఆకు చూసి గోగు మొక్కే అనుకుంది. అలా అనుకోవడంలో వింత లేదు. వృక్షశాస్త్రజ్ఞులు గోగుకు హిబిస్కస్ కన్నాబినస్ అని పేరు పెట్టింది ఆకులో గంజాయి పోలిక చూసే. రెండు నెలల పాటు ఆమె ఆ మొక్కకు కూడా నీళ్ళు పోసింది. పూతకు వచ్చి ఘాటుగా వాసన కొడుతుంటే పక్కింటివారు గుర్తుపట్టి చెప్పారు. ఇంజనీరింగు చదువుతున్న పంతొమ్మిదేళ్ళ కొడుకును నిలదీస్తే, గింజలు తానే వేశానని ఒప్పుకున్నాడు. పైగా వాదించాడు. “నేను అమ్మడం లేదు. ఎవరి దగ్గరా కొనడం లేదు. మన పెరట్లో నా కోసం పెంచుకున్నాను. ఎవరికి నష్టం? కెనడాలో ఇంటికి నాలుగు మొక్కలు పెంచుకోనిస్తున్నారు గదా!” అన్నాడట.

ఆ తల్లి నన్ను అడిగినవి రెండు ప్రశ్నలు. “తెలియక నీళ్ళు పోశానండి ఫాదర్ గారూ, నాకు పాపం అంటుకుందా? ఇప్పుడు తెలిసింది గదా, ఏం చెయ్యమంటారు?”

మొదటిదానికి జవాబు సులువు. చావైన పాపానికి విషయం ఘోరమైనదై ఉండాలి, పూర్తి తెలివి ఉండాలి, పూర్తి సమ్మతి ఉండాలి అని సత్యోపదేశంలో మనమందరం నేర్చుకున్నాం. తెలియక పోసిన నీళ్ళకు ఆమె మీద దోషం లేదు. అయితే దేశ చట్టం ఇలా మొదలుపెట్టదు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలో గంజాయి మొక్క పెంచడం నిషిద్ధం. ఎకరమా, ఒక్క మొక్కా అన్న తేడా లేదు. పదేళ్ళ వరకు కఠిన కారాగారం, లక్ష రూపాయల వరకు జరిమానా పడవచ్చు. 35వ సెక్షను ప్రకారం నిందితునికి దోషబుద్ధి ఉన్నదనే న్యాయస్థానం ముందుగా భావిస్తుంది. లేదని రుజువు చేసుకోవలసినది నిందితుడే. నైతిక ధర్మం ‘నీకు తెలుసా?’ అని మొదట అడుగుతుంది. ఈ చట్టం తెలుసనే అనుకుంటుంది. ఆ తేడా మధ్య ఇరుక్కున్నది ఒక అమాయకురాలు.

ఇక కుర్రవాడి వాదన. దానిని గదమాయించి తోసెయ్యడం నాకిష్టం లేదు. కెనడా 2018లో అనుమతించిన మాట నిజమే, అప్పట్లో కొన్ని రాష్ట్రాలలో ఇంటి పెంపకం కుదరకపోయినా. అదే ఏడాది దక్షిణాఫ్రికా రాజ్యాంగ న్యాయస్థానం పెద్దలు తమ ఇంట్లో వాడుకోవడం నేరం కాదన్నది. జర్మనీలో 2024 నుండి మూడు మొక్కలు పెంచుకోవచ్చు. అంత దూరం ఎందుకు? మన బాపట్ల తాలూకా ఇంకా కృష్ణా జిల్లాలో ఉన్న రోజుల్లో, దగ్గుబాడు పరిసరాలలో బ్రిటిషు ప్రభుత్వపు లైసెన్సు మీదనే గంజాయి పండించేవారు. 1893లో ప్రభుత్వం ఒక కమిషను వేసి దేశమంతా విచారణ జరిపించింది. మితిమీరితే హాని అనీ, మితంగా వాడేవారిలో పెద్ద చెడు కనబడలేదనీ, పూర్తి నిషేధం వద్దనీ ఆ కమిషను మరుసటి ఏడాది చెప్పింది. ఈనాడు పెంచే రకాలలో మత్తు ఆనాటికంటె చాలా ఎక్కువన్నది వేరే సంగతి.

కాబట్టి మొక్కను సైతానుగా చూడనవసరం లేదు. గింజనిచ్చే మొక్కలన్నిటిని దేవుడే మనిషికిచ్చాడని ఆదికాండము మొదటి అధ్యాయమే చెబుతున్నది. ద్రాక్ష కూడా మత్తునిస్తుంది. క్రీస్తునాథుడు దానినే దివ్యసత్ప్రసాదానికి ఎంచుకున్నాడు. మనిషి తెలిసి, కోరి తన బుద్ధిని తానే ఆర్పుకోవడంలోనే తాగుబోతుతనపు పాపమున్నదని పునీత అక్వినాసు తోమాసు అంటాడు. గంజాయికీ అదే కొలత. వైద్యానికి తప్ప మాదకద్రవ్యాల వాడకం ఘోరమైన తప్పు అని సత్యోపదేశ గ్రంథం 2291వ పేరా చెబుతున్నది. పంతొమ్మిదేళ్ళ మెదడు ఇంకా పూర్తిగా ఎదగలేదనీ, ఆ వయసులో అలవాటు పడినవారిలో కొందరికి మతిభ్రమణం వచ్చే ప్రమాదం పెరుగుతుందనీ వైద్యులూ చెబుతున్నారు.

కుర్రవాడు మరొక మాట కూడా అన్నాడట: “నాన్నగారు తాగే సీసా సర్కారు లైసెన్సుతో అమ్మితే తప్పు లేదా?” ఈ మాటకు నా దగ్గర తేలిక జవాబు లేదు. దూబగుంట స్త్రీలు 1992లో సారా మీద తిరగబడ్డారు, 1995 జనవరిలో మద్యనిషేధం వచ్చింది, 1997లో సడలింది. మానవ చట్టం ప్రతి చెడునూ నిషేధించలేదు, ఎక్కువమంది మానుకోగలిగిన ఘోరాలనే నిషేధిస్తుంది అని తోమాసు రాశాడు. చట్టం ఒకదాన్ని వదిలి మరొకదాన్ని పట్టుకోవడానికి కారణం కొంత అదే. ఎక్సైజు ఆదాయం అనే కారణం కూడా ఉందని నా అభిప్రాయం. కాని తండ్రి సీసా తప్పయితే, దానివల్ల కొడుకు మొక్క ఒప్పు కాదు. ఆ తండ్రి మాత్రం కొడుకుకు జవాబు చెప్పుకోవలసి ఉంది. అది నేను చెప్పే జవాబు కాదు.

అతని వాదనలో మరొక సత్యం ఉందని ఒప్పుకుంటాను. ఇంట్లో పెంచుకున్నది ఏజెన్సీ వ్యాపారాన్ని పోషించదు. 2021లో ‘ఆపరేషన్ పరివర్తన’ పేరుతో విశాఖ మన్యంలో వేల ఎకరాల తోటలు నరికారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర సుమారు 2 లక్షల కిలోల గంజాయి తగలబెట్టారు. ఆ సరుకు మోస్తూ జైలుకు పోయేది ఎక్కువగా పేద గిరిజన యువకులే, లాభం తినే దళారులు కారు. ఆ పాపంలో తనకు పాలు లేదని ఈ కుర్రవాడు అనగలడు.

అయితే “ఎవరికి నష్టం?” అన్న ప్రశ్నకు జవాబు వాళ్ళ పెరట్లోనే ఉంది. తల్లి చెంబుతో నీళ్ళు పోస్తుంటే వాడు రోజూ చూశాడు. అరవై రోజులు చూసి ఊరుకున్నాడు. ఇల్లు ఆమె పేర పట్టా ఉంది. తన భూమిలో గంజాయి మొక్క ఉందని తెలిసీ అధికారులకు చెప్పని యజమాని శిక్షార్హుడని ఆ చట్టం 46వ సెక్షను చెబుతున్నది. పోలీసులు వచ్చి ఉంటే మొదట ఆమెనే అడిగేవారు. తన సరదాకు తల్లిని జామీను పెట్టాడు, ఆమెకు చెప్పకుండా. కెనడాలోనైనా ఇది తప్పే. నలుగురు బతికే ఇంట్లో ‘నా సొంత విషయం’ అని వేరే మడి కట్టుకోవడం అంత సులభం కాదు.

ఇక రెండవ ప్రశ్న, కష్టమైనది. తల్లి కొడుకును పట్టివ్వాలా? కన్నతండ్రి మీదనే నేరం మోపడానికి వచ్చిన యూథిఫ్రోను చూసి సోక్రటీసు నివ్వెరపోయాడని ప్లేటో రాశాడు. ఆ చిక్కు ఇరవై నాలుగు శతాబ్దాలుగా తెగలేదు. నేరస్థుడికి ఆశ్రయమిచ్చిన భార్యకో భర్తకో మన శిక్షాస్మృతిలో మినహాయింపు ఉంది, తల్లికి లేదు. నాకు నోవా కథ గుర్తొచ్చింది. తాను నాటిన ద్రాక్షతోట రసం తాగి ఒళ్ళు తెలియక పడిపోయిన తండ్రిని చూసి, ఒక కొడుకు బయట చెప్పాడు. మిగిలిన ఇద్దరు వెనుకకు నడిచి వచ్చి బట్ట కప్పారు. కప్పినవారు తండ్రి తాగలేదని బొంకలేదు. సిగ్గును కప్పడం వేరు, తప్పును దాచి సాగనివ్వడం వేరు.

అందుకని ఆమెకు 46వ సెక్షను చదివి వినిపించాను. చట్టం చెప్పమంటున్నదనీ, వకీలును కలవమనీ చెప్పాను. ఆ సంగతి దాచి సలహా ఇవ్వడం నాకు తగదు. కాని కొడుకును పట్టివ్వలేని తల్లిని దోషి అనడానికి నాకు నోరు రాదు. మొక్క ఉండకూడదు. రాత్రివేళ వాడికి తెలియకుండా పీకి కాలువలో పడెయ్యవద్దన్నాను. తండ్రి ఎదుట, పగటిపూట, వాడి చేతులతోనే పీకాలి. ఆ తరువాత వాడిని డాక్టరు దగ్గరకు తీసుకువెళ్ళాలి.

చివరి మాటను తల్లిదండ్రులందరూ గుర్తుంచుకోండి. వ్యసనానికి లోనైనవాడు తానుగా ప్రభుత్వ గుర్తింపు ఉన్న చోట చికిత్సకు చేరితే, వాడకం, కొద్ది మోతాదు కేసులలో 64ఏ సెక్షను అతనికి రక్షణ ఇస్తున్నది. మొక్కల పెంపకానికి ఆ రక్షణ లేదు. కనుక బిడ్డ కళ్ళలో తేడా కనబడిన నాడే కదలండి, పెరట్లో మొక్క లేచేదాకా ఆగకండి. భయపడి ఎవరికీ చెప్పుకోలేకపోతే, దివ్యపూజ తరువాత గురుమందిరానికి రండి. తలుపు వేసుకుని మాట్లాడుకుందాం.