పప్పూ బియ్యం ఉన్న ఇల్లు

నరసరావుపేట

చిరంజీవి చిన్నాకు,

నేను రాస్తున్నది ఫోనులో చెప్పే మాట కాదు. చెబితే నువ్వు "సరే అత్తా, సరే అత్తా" అంటావు, అంతటితో నేనూ ఊరుకుంటాను. కాగితం మీద ఉంటే ఇంకోసారి చదువుతావని రాస్తున్నాను.

సంక్రాంతికి వచ్చినప్పుడు నీ మొహం చూశాను. ఉబ్బినట్టుంది. కళ్ళ కింద నీరు పట్టింది. భోజనం కాగానే పెరట్లోకి వెళ్ళి ఏదో మాత్ర వేసుకున్నావు. ఎవరూ చూడలేదనుకున్నావు. మీ అక్కని నువ్వు అడిగిన సంగతి కూడా నా చెవిన పడింది. అది మీ ఇద్దరి మధ్య మాట, నేను కదపను. నేను రాయబోయేది వంట గురించి. చదివితే రెండింటికీ ఉన్న లంకె నీకే తెలుస్తుంది.

మీ అమ్మ నీ గదికి వెళ్ళి వచ్చాక చెప్పింది. మేం కొనిచ్చిన కుక్కరు ఇంకా అట్టపెట్టెలోనే ఉందట. స్టవ్వు మీద దుమ్ము, ఫ్రిజ్జులో సాసు పొట్లాలు, నీళ్ళ సీసా ఉన్నాయట. ఇల్లంతా వెతికినా గుప్పెడు బియ్యం లేవట. అది విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నేను ఎందుకంత బెంగపడ్డానో నీకు తెలియాలంటే మీ మామయ్య గురించి రాయాలి. నువ్వు ఆయన భుజం మీద ఎక్కి తిరగడమే నీకు గుర్తుండి ఉంటుంది. అంతకు ముందుది నీకు తెలియదు. కానీ ముందు మీ నాయనమ్మ గురించి చెప్పనీ.

నేను పెళ్ళికి ముందు మన ఇంట్లో ఉన్నప్పుడు, 1983లో, ముఖ్యమంత్రి ఎన్టీ రామారావు గారు కిలో బియ్యం రెండు రూపాయలకు ఇచ్చారు. రేషను కొట్టు ముందు సంచి పట్టుకుని నేనే నిలబడేదాన్ని. ఆ బియ్యంలో మట్టి, రాళ్ళు ఉండేవి. మీ నాయనమ్మ చేటలో పోసి చెరిగి, వరండాలో కూర్చుని ఏరేది. ఏరుతూ ఏరుతూ నూకలు విడిగా తీసేది. బియ్యం అన్నానికి, నూకలు ఉప్మాకి. నూకల్లో గుప్పెడు పెసరపప్పు వేసి ఉప్పుడుపిండి చేస్తే, అడుగున ఎర్రగా మాడిన చెక్క కోసం నేనూ మీ నాన్నా కొట్టుకునేవాళ్ళం.

తర్వాత 1987. పత్తిని తెల్లదోమ పీల్చేసిన ఏడు. మీ తాత మందుల కొట్టుకి బాకీ, వడ్డీ వ్యాపారికి బాకీ. పక్కన ప్రకాశం జిల్లాలో రైతులు పురుగుమందు తాగి చచ్చిపోతున్నారని పేపర్లో రోజూ వచ్చేది. మీ నాయనమ్మ మీ తాతని పొలానికి ఒంటరిగా పంపేది కాదు. నేను అప్పుడు పురిటికి వచ్చి పుట్టింట్లోనే ఉన్నాను, కళ్ళారా చూశాను. కందిపప్పు చాలినంత కొనలేక పోతే మీ నాయనమ్మ పప్పు పలచన చేసి, చింతపండు పులుసు పోసి, దొడ్లో ఉన్న మునక్కాయలు వేసి పప్పుచారు కాచేది. ముద్దపప్పు అయితే నలుగురికి వచ్చేది, చారయితే ఇంటిల్లిపాదికీ సరిపోయేది. ఎద్దులకు ఉలవలు ఉడకేసిన నీళ్ళు పారబోయకుండా, వాటితోనే ఉలవచారు. పొద్దున్న చద్దన్నంలో మజ్జిగ, ఉల్లిపాయ. రాత్రికి పచ్చిపులుసు, ఎండాకాలంలో పెట్టిన ఒడియాలు. గోంగూర మన దొడ్లోదే. ఆ ఏడు మీ తాత ఊళ్ళో చాలామంది ముందు తల వంచుకున్నాడు. కానీ అన్నం కోసం మాత్రం ఎవరినీ అడగలేదు. ఆ ఒక్కటే ఆయన్ని నిలబెట్టిందని నేను గట్టిగా నమ్ముతాను. ఇంటికి వచ్చేసరికి వేడివేడిగా అన్నం ఉండేది. మిగతావన్నీ తర్వాత చూసుకోవచ్చు అనిపించేది.

అదే కాలంలో మీ మామయ్య ఉట్నూరులో ఉన్నాడు. 1986లో అక్కడ పోస్టింగు ఇచ్చారు. మా అత్తగారు మంచం మీద ఉండటంతో నేను ఇక్కడే ఉండిపోయాను. ఆ ఇంట్లో మగపిల్లల్ని పొయ్యి దగ్గరకు రానిచ్చేవారు కాదు. ఎసట్లో బియ్యం ఎప్పుడు వెయ్యాలో కూడా ఆయనకు తెలియదు. చుట్టూ జొన్నలు, కందులు పండే ఊరు. సంతలో ఆకుకూరలు ఎంత చవకో ఉత్తరాల్లో తనే రాసేవాడు. వండుకోవడం మాత్రం చేతకాదు. ఒక మెస్సులో ఖాతా పెట్టుకున్నాడు. పొద్దున్న పూరీ, రాత్రి పరోటా, మధ్యాహ్నం అన్నంలో ఊరగాయ, అప్పడాలు, ఆకలేస్తే బజారులో మిరపకాయ బజ్జీ. జీతం వచ్చిన రోజే అందులో పెద్ద ముక్క ఆ ఖాతాకు పోయేది. ఇంటికి పంపేది తగ్గితే, నేను అడిగితే, "ఇక్కడ ఖర్చులు ఉంటాయి" అని రాసేవాడు. మెస్సు వాళ్ళు అన్యాయం చేశారని నేను అనను. వాళ్ళ వ్యాపారం వాళ్ళు చేసుకున్నారు.

తిరిగి వచ్చేసరికి ఒళ్ళు బరువెక్కింది, కాళ్ళ వాపు. బీపీ ఎప్పటి నుంచో ఉందని పరీక్ష చేస్తే బయటపడింది, అప్పటికే మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. డాక్టరు గారు తిండి ఒక్కటే కారణం అనలేదు. బీపీ ఆ వంశంలోనే ఉంది, మందులు సరిగా వాడలేదు, అవీ చెప్పారు. కానీ అన్నేళ్ళు తిన్న ఉప్పు గురించి కూడా చెప్పారు. గుంటూరులో డయాలసిస్. రెండెకరాలు అమ్మాం. 2004లో ఆయన పోయేనాటికి నీకు ఐదేళ్ళు.

ఒక సంగతి ఎవరికీ చెప్పలేదు, నీకు చెబుతున్నాను. ఆ ఆఖరి రెండేళ్ళలో మీ మామయ్య వంట నేర్చుకున్నాడు. నాకు అంగన్‌వాడీలో డ్యూటీ ఉండేది, తను ఇంట్లో కూర్చోలేక నేర్చుకున్నాడు. కూరగాయ ముక్కలు ఉడికించి ఆ నీళ్ళు వంపేసి, ఉప్పు లేకుండా, నిమ్మరసం పిండి సొరకాయ కూర చేసేవాడు. ఎంత శ్రద్ధగా చేసేవాడో! వెల్లుల్లి ఎంత ఎర్రబడితే దించాలో నన్నే సరిదిద్దేవాడు. అంత చక్కగా చెయ్యగల మనిషి, అన్నేళ్ళు ఇంకొకరి గరిట కింద కూర్చున్నాడు. ఎందుకంటే ఎవరూ నేర్పలేదు. నిన్ను అలా వదిలెయ్యలేను.

ఇప్పటి రోజులు చూస్తే నాకు కడుపు మండుతుంది. దోసెల పిండి పొట్లంలో. అల్లం వెల్లుల్లి ముద్ద పొట్లంలో. ఒలిచిన వెల్లుల్లి, తరిగిన బెండకాయ, తొడిమ తీసిన పచ్చిమిరపకాయ, అన్నీ ప్లాస్టిక్ డబ్బాలో. ఉప్మా కూడా కప్పులో వస్తోంది, వేడినీళ్ళు పోస్తే చాలట. బొంబాయి రవ్వకి తాలింపు పెట్టడానికి పట్టే సమయం ఎంత? నిమిషాల్లో తెచ్చిస్తామని ఎండలో, వానలో పిల్లల్ని బండ్ల మీద పరిగెత్తిస్తున్నారు. నీ ఫోనే నిన్ను ఆకలేస్తోందా అని అడుగుతోంది. ఆకలి సంగతి ఫోను చెప్పాలా? కొత్త ఫ్లాట్లలో వంటగది గోడకు తగిలించిన అలమరంత ఉంటోంది. ఇల్లు కట్టేవాళ్ళు కూడా ఇక ఎవరూ వండరని తీర్మానించుకున్నారు కాబోలు.

బిర్యానీ మానెయ్యమని నేను చెప్పడం లేదు. స్నేహితులతో వెళ్ళు, తిను. రాత్రి డ్యూటీ దిగి ఒళ్ళు తూలుతున్న రోజు ఏదో ఒకటి తెప్పించుకో. రోజువారీ తిండి మాత్రం అలా కాకూడదు.

అంగన్‌వాడీ శిక్షణలో మాకు మొదట చెప్పింది ధాన్యం, పప్పు కలిపి పెట్టమని. బియ్యంలో తక్కువైన లైసిన్ పప్పులో ఉంది, పప్పులో తక్కువైన మిథియోనిన్ బియ్యంలో ఉంది. రెండూ కలిస్తే ఒళ్ళు పెరగడానికి కావలసిన మాంసకృత్తులు అందుతాయి. వంద గ్రాముల కందిపప్పులో ఇరవై గ్రాములకు పైనే మాంసకృత్తులు ఉంటాయి. మీ నాయనమ్మకు ఈ పేర్లేవీ తెలియవు, అయినా ఆవిడ పప్పన్నమే పెట్టింది. మీ హైదరాబాదులోనే, తార్నాకలో, జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 2024లో వాళ్ళు ఇచ్చిన ఆహార సూచనల్లో రోజుకు ఉప్పు 5 గ్రాములు దాటొద్దని, ఫ్యాక్టరీలో తయారై వచ్చే తిండి తగ్గించమని చెప్పారు. 5 గ్రాముల ఉప్పంటే 2,000 మిల్లీగ్రాముల సోడియం. నువ్వు కొనే నూడుల్స్ పొట్లం తిప్పి వెనక సోడియం ఎంతుందో చూడు. మీ మామయ్యను గుర్తు పెట్టుకుని చూడు.

డబ్బు లెక్క కూడా చెబుతాను, నువ్వు లెక్కల్లో మంచివాడివి. కందిపప్పు కిలో 150 రూపాయలనుకో. ఒక మనిషికి పూటకి 60 గ్రాములు వేసుకుంటే 9 రూపాయలు. బియ్యం కిలో 60 అనుకుని 150 గ్రాములకు ఇంకో 9. ఆకుకూర, నూనె, చింతపండు, గ్యాసు, పెరుగు అన్నీ వేసినా 50 దాటదు. నువ్వు తెప్పించుకునేది డెలివరీ, ప్యాకింగు అన్నీ కలిపి ఎంత పడుతోందో నీ ఫోనులోనే ఉంటుంది. నెల మొత్తం కూడి చూడు. చూశాక మీ అక్కని అడిగిన మొత్తం పక్కన పెట్టి చూడు.

ఇక చెప్పేది విను. వాదించకు.

వచ్చే ఆదివారం పొద్దున్నే కూకట్‌పల్లి రైతుబజారుకి వెళ్ళు. రైతుబజార్లు మొదలైంది 1999లో, నువ్వు పుట్టిన ఏడే. వారానికి రెండు కట్టల తోటకూర, ఒక గోంగూర కట్ట, సొరకాయ, టమాటాలు, ఉల్లిపాయలు, పచ్చిమిర్చి, కరివేపాకు, నిమ్మకాయలు చాలు. డజను గుడ్లు. బియ్యం మన బాపట్ల వాళ్ళు తీసిన సాంబమసూరి, అదే బీపీటీ, పాతవి అడుగు. బాస్మతి అక్కర్లేదు.

కుక్కరు పెట్టెలోంచి తియ్యి. రబ్బరు, విజిలు కడుగు. కుక్కరు అడుగున గ్లాసు నీళ్ళు పోసి, ఒక గిన్నెలో కడిగిన పప్పు అరగ్లాసు, పసుపు, రెండింతలకు మించి నీళ్ళు. పైన ఇంకో గిన్నెలో గ్లాసు బియ్యానికి రెండున్నర గ్లాసుల నీళ్ళు. పప్పు ముందే అరగంట నానబెడితే మెత్తగా ఉడుకుతుంది, కడుపుబ్బరమూ తగ్గుతుంది. నాలుగు విజిల్స్. ఆవిరి దానంతట అది పోయేదాకా మూతకి చెయ్యి పెట్టకు. తోటకూర విడిగా మగ్గించి పప్పులో కలిపి, చింతపండు రసం, ఉప్పు వేసి, తాలింపు పెట్టు: నూనెలో ఆవాలు చిటపటలాడాక జీలకర్ర, చితక్కొట్టిన వెల్లుల్లి, ఎండుమిర్చి, కరివేపాకు. మొదటిసారి బాగుండదు. రెండోసారి పరవాలేదనిపిస్తుంది. అంతే.

సగం పప్పు ఆ పూటకి, సగం ఫ్రిజ్జులో. మర్నాడు దానికి నీళ్ళు, పులుసు పోసి పప్పుచారు చేసుకో. మిగిలిన అన్నం చల్లారగానే ఫ్రిజ్జులో పెట్టు. హైదరాబాదు ఎండల్లో రాత్రంతా బయట వదిలెయ్యకు. పొద్దున్న పెరుగు కలుపుకుని ఉల్లిపాయ నంజుకుని తిని వెళ్ళు.

అన్నిటికంటే ముఖ్యం, ఆకలేశాక వంట మొదలుపెట్టకు. అప్పుడు చెయ్యి ఫోను మీదకే పోతుంది. ఆఫీసు నుంచి రాగానే, చొక్కా మార్చక ముందే కుక్కరు ఎక్కించు. నువ్వు స్నానం చేసి వచ్చేసరికి అన్నం అవుతుంది. ఏమీ చెయ్యలేని రోజుకి కందిపొడి ఉంది, వేడన్నంలో నెయ్యి వేసుకుని గుడ్డు ఉడకబెట్టుకో. భోజనం మీద వెంటనే టీ తాగకు, ఆకుకూరలో ఇనుము ఒంటికి సరిగా పట్టదు. నిమ్మకాయ పిండుకో, బాగా పడుతుంది. అన్నంలో పైనుంచి ఉప్పు చల్లుకునే అలవాటు మీ నాన్న నుంచి వచ్చింది నీకు, అది మానెయ్యి.

ఆ మాత్ర గురించి కూడా. ఎవరూ రాసివ్వకుండా రోజూ మింగకు. ఈ వారంలో డాక్టరు దగ్గరకు వెళ్ళి బీపీ చూపించుకుని, అంకెలు నాకు పంపు. "నార్మలే అత్తా" అంటే ఒప్పుకోను, అంకెలు కావాలి.

నీకు డబ్బు పంపడం లేదు. కావాలనే పంపడం లేదు. ఆర్టీసీ కార్గోలో అయిదు కిలోల బియ్యం, రెండు కిలోల కందిపప్పు, కిలో పెసరపప్పు, కిలో బియ్యపు రవ్వ, చింతపండు, ఎండుమిర్చి, పసుపు, తాలింపు గింజలు, కందిపొడి డబ్బా వేశాను. చింతపండులో గింజలు తియ్యలేదు, చూసుకో. పప్పు డబ్బాలో వేపాకు ఉంది, పురుగు పట్టకుండా వేశాను, పారెయ్యకు. గురువారం సాయంత్రానికి చేరుతుంది. రసీదు ఫోటో మీ అమ్మ నీకు పంపిస్తుంది. కౌంటరు మూసేలోపు వెళ్ళి తెచ్చుకో, ఆ రాత్రే కుక్కరు పెట్టు.

డబ్బాలు రెండూ స్టీలువి. ఉగాదికి వచ్చేటప్పుడు వెనక్కి పట్టుకురా, మళ్ళీ నింపి ఇస్తాను.

ఇట్లు
మీ అత్త